వర్చువల్ మెషీన్‌కు కాపలా: నిషేధాల జాబితా చాలదు

2015 మే నెలలో క్లౌడ్ కంపెనీలు హడావుడిగా సర్వర్లు సరిచేసుకోవలసి వచ్చింది. కారణం ఫ్లాపీ డ్రైవ్! అప్పటికే కంప్యూటర్ల నుంచి దాదాపు మాయమైపోయిన ఆ పరికరాన్ని అనుకరించే కోడ్‌లో ఒక లోపం ఉంది. క్యూఎము అనే సాఫ్ట్‌వేర్‌లో అది 2004 నుంచి ఎవరి కంటా పడలేదు. జేసన్ గెఫ్నర్ అనే పరిశోధకుడు దాన్ని పట్టుకున్నారు. 'వెనమ్' అని పేరు పెట్టారు. ఫ్లాపీ వద్దని సెట్టింగ్‌లో తీసేసినా, మరో లోపం వల్ల ఆ కోడ్ పనిచేస్తూనే ఉండేది.

వర్చువల్ మెషీన్ అంటే అసలు కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్ సృష్టించే మరో కంప్యూటర్. ఒకే సర్వర్‌లో ఒకరికొకరు తెలియని ఎందరో ఇలా పక్కపక్క వాటాల్లో అద్దెకుంటారు. లోపలి వ్యవస్థకు డిస్కు, నెట్‌వర్క్ కార్డు ఉన్నట్టు నటించేది క్యూఎము. అయితే అసలు సర్వర్ దృష్టిలో అదీ ఒక మామూలు ప్రోగ్రామే. ఫైలు తెరవాలన్నా, మరో ప్రోగ్రామ్ మొదలుపెట్టాలన్నా కెర్నల్‌ను అడగాల్సిందే. ఆ అడగడాన్నే సిస్టమ్ కాల్ అంటారు. లినక్స్‌లో ఇవి 300కు పైనే. క్యూఎముకు వాటిలో చాలావాటితో పనిలేదు. వెనమ్ లాంటి లోపంతో క్యూఎమును చేజిక్కించుకున్నవాడికి మాత్రం ఏ ఒక్కటైనా పనికిరావచ్చు.

అందుకే ఈ కాల్స్‌కు వడపోత కావాలి. లినక్స్‌లో దాని పేరు సెక్‌కాంప్. 2005లో వచ్చినప్పుడు అది 4 కాల్స్ మాత్రమే అనుమతించేది. 2012లో, లినక్స్ 3.5తో, ఏ కాల్స్‌ను అనుమతించాలో ప్రోగ్రామే నిర్ణయించుకునే వీలు కలిగింది. ఒకసారి తగిలించుకున్న వడపోతను ఆ ప్రోగ్రామ్ కూడా తీసేయలేదు. దాడి చేసేవాడు దాన్ని లొంగదీసుకున్నా అంతే.

క్యూఎము కూడా 2012లోనే దీన్ని వాడడం మొదలుపెట్టింది. మొదట అనుమతించేవాటి జాబితా రాశారు. చిక్కేమిటంటే, క్యూఎము ఎన్నో లైబ్రరీల మీద ఆధారపడుతుంది. వాటిలో ఏదో ఒకటి కొత్త వెర్షన్‌లో జాబితాలో లేని కాల్ చేస్తే, నడుస్తున్న వర్చువల్ మెషీన్ ఉన్నపళంగా చచ్చిపోతుంది. అర్ధరాత్రి ఫోన్ మోగేది అడ్మిన్‌కు! దాంతో 2017లో 2.11 వెర్షన్‌తో పద్ధతి తిరగేశారు. ప్రమాదకరమని తెలిసినవాటిని ఆపి, మిగతావన్నీ వదిలేశారు.

వాళ్ల ఇబ్బంది నిజమే. కానీ నిషేధాల జాబితాకు తెలిసింది నిన్నటి దొంగలే. లినక్స్‌లోకి 2019లో ఐఓ యూరింగ్ వచ్చింది. ఫైలు, నెట్‌వర్క్ పనులను ఒక వరుసలో పెడితే కెర్నల్ చేసిపెడుతుంది. ఆ పనులు ఒక్కొక్కటిగా సెక్‌కాంప్ కంటికి కనబడవు. కెర్నల్ లోపాలు చూపినవారికి బహుమతులిచ్చే తన కార్యక్రమానికి వచ్చిన దాడుల్లో 60 శాతం దీన్నే వాడుకున్నాయని గూగుల్ 2023లో చెప్పింది. తన సర్వర్లలో దాని వాడకాన్ని నిలిపేసింది. 2018లో రాసిన నిషేధాల జాబితా ఏదైనా ఐఓ యూరింగ్‌ను లోపలికి వదిలేసేది. అదే ఏడాది రాసిన అనుమతుల జాబితా, పేరైనా తెలియకుండానే, ఆపేసేది.

అనుమతుల జాబితా సాధ్యమేనని 2018లో అమెజాన్ విడుదల చేసిన ఫైర్‌క్రాకర్ చూపింది. 2020 నాటి పరిశోధనపత్రం ప్రకారం అది అనుమతించేవి 24 సిస్టమ్ కాల్సే. ఎవరూ అడగకుండానే వడపోత ఆన్‌లో ఉంటుంది. అనుకరించే పరికరాలూ చాలా కొద్ది. ఫ్లాపీ సంగతి సరే, యూఎస్‌బీ కూడా లేదు. రకరకాల పాత యంత్రాలను అనుకరించాల్సిన క్యూఎముతో దీన్ని పోల్చడం పూర్తిగా న్యాయం కాదు. అయినా ప్రతి వర్చువల్ మెషీన్‌కూ అన్ని పరికరాలూ అక్కర్లేదు. వాడే పరికరాలను బట్టి చిన్న చిన్న అనుమతుల జాబితాలు తయారుచేసి, ప్రతి విడుదలకు ముందు పరీక్షించే బాధ్యత ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారే తీసుకోవాలి. ఆ భారం అడ్మిన్ మీద పడేస్తే అతను మొదట చేసే పని వడపోతను ఆపేయడం.

వడపోతకూ హద్దులున్నాయి. ఫైలు తెరిచే కాల్ వచ్చిందని దానికి తెలుస్తుంది, ఏ ఫైలో తెలియదు. అందుకని దీని వెనుక వేరే కాపలాలూ ఉండాలి.

ఈలోగా, కాలేజీ ల్యాబుల్లోనో చిన్న సంస్థల్లోనో క్యూఎమును సొంత స్క్రిప్టులతో నడిపేవారు ఒకటి చూసుకోవాలి. లిబ్‌వర్ట్ ద్వారా నడిపితే వడపోత దానంతటదే ఆన్ అవుతుంది. నేరుగా నడిపితే 'శాండ్‌బాక్స్' ఆప్షన్ ఇచ్చేదాకా అసలు ఉండదు. ఉత్త 'ఆన్' అని ఇచ్చినా, కొత్త ప్రోగ్రామ్‌లు మొదలుపెట్టే దారి తెరిచే ఉంటుంది. దాన్ని 'స్పాన్' అనే సెట్టింగ్‌తో విడిగా మూయాలి.