జమాదారు కోసుకున్న రూపాయి

"ఆటకి కులం లేదు, స్టేడియం దేశానిది" అంటుంటారు కొందరు మిత్రులు. సరే, ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం దగ్గరికే పోదాం. 1982 ఏసియాడ్ అనగానే అప్పు ఏనుగు, కలర్ టీవీ గుర్తొస్తాయి. ఇసుక తట్ట మోసినవాళ్లు రారు. వాళ్ల చరిత్ర సుప్రీంకోర్టు తీర్పులో ఉంది.

ఏసియాడ్ పనుల్లో కనీస కూలి రోజుకి 9 రూపాయల 25 పైసలు. అందులో రూపాయి జమాదారుది. మన పాలమూరు లేబర్‌కి చెప్పక్కర్లేదు, వాళ్ల భాషలో గుంపుమేస్త్రీ. ఆడవాళ్ల చేతికి 7 రూపాయలే వస్తున్నాయని పీయూడీఆర్ బయటపెట్టింది. జస్టిస్ భగవతికి రాసిన ఉత్తరమే కేసయింది.

ప్రభుత్వం ఏమంది? కాంట్రాక్టర్ల బాధ్యత, మాది కాదంది. (ఔట్‌సోర్సింగ్ స్వీపర్ల జీతం అడిగి చూడండి, ఇవాళ్టికీ అదే జవాబు.)

1982 సెప్టెంబర్ 18న కోర్టు తేల్చింది: కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకుంటే 23వ అధికరణ నిషేధించిన వెట్టే. కొరడా అక్కర్లేదు, ఆకలి కూడా బలవంతమే. అంటరానితనాన్ని రద్దుచేసిన 17వ అధికరణలాగే ఇదీ ప్రైవేటు మనిషినీ పట్టుకుంటుంది. వెట్టి అంటే గడీ, దొర అనుకునే మనం ఈ తీర్పుని ఎందుకు వదిలేశాం? లా విద్యార్థులకి ఇది పిల్ చరిత్రలో ఒక పేరాగ్రాఫ్, అంతే.

2010 కామన్వెల్త్‌కి అదే స్టేడియాన్ని మళ్లీ బాగుచేశారు. సెప్టెంబర్ 21న పక్కనే కడుతున్న ఫుట్‌బ్రిడ్జి కూలి, కూలీలు ఆసుపత్రి పాలయ్యారు. టీవీల్లో రోజంతా ఒకటే గోల: దేశం పరువు పోయిందని. కింద పడ్డవాళ్ల పేర్లు ఎవరైనా చెప్పగలరా?