అరచేతిలో ఏరియలు

1948 డిసెంబరు 1వ తేదీన బెజవాడలో రేడియో కేంద్రము వెలసిన దినములలో తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల పెద్దయిండ్లపై రెండు వెదురుగడలు నాటి వాని నడుమ రాగితీగ కట్టుచుండిరి. ఆ కేంద్రమునకు పిమ్మట ప్రసిద్ధమైన 837 కిలోహెర్ట్జుల తరంగము నిడివి 358 మీటర్లు. తీగ పొడవైనకొలది వినికిడి బాగుండుట మన పెద్ద లెఱిగినదే.

నేడా తీగ జేబులోని ఫోనులో దాగినది; ఒకటి గాదు, పలు తీగలు. వింతయని మెచ్చి యూరకుండుటకు వీలులేదు. ఆ 1948లోనే ఎల్. జె. చూ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలో నొక హద్దు చూపెను. ఏరియలును కుదించినకొలది అది పట్టగల పౌనఃపున్యముల వెడల్పు సన్నగిల్లును. వెడల్పే కావలెనన్న శక్తిని వేడిమిగా పోగొట్టుకొనవలెను. 700 మెగాహెర్ట్జుల తరంగములో నాల్గవవంతే 11 సెంటీమీటర్లు. ఫోను నిడివిలో ముప్పాతిక దానికే పోవును. 3,300 మెగాహెర్ట్జుల 5జి, 1176.45 మెగాహెర్ట్జుల మన నావిక్ ఉపగ్రహములు, అన్నియు నా చిన్న డిప్పలోనే ఇముడవలెను గదా!

కావున సన్నని పట్టునే ఉంచి, దానిని కావలసినచోటికి జరుపుట యుక్తము. వరాక్టర్ అను డయోడుపై వోల్టేజి మార్చిన ఏరియలు శ్రుతి మారును. లాకు తలుపు నెత్తి దింపినట్లే. ఆ డయోడును కొంత శక్తిని తినును, అది వేఱు మాట. అసలు చిక్కు ఏరియళ్లు పలువగుటలో నున్నది. ఒకే కాలువపై రెండు తూములు చేరువగా పెట్టిన నేమగునో మన రైతు నడుగుడు. అర తరంగదైర్ఘ్యముకన్న దగ్గఱగానున్న ఏరియళ్లలో నొకటి వెదజల్లిన శక్తిని రెండవది మ్రింగును. నడుమ లోహమున చీలిక చేసియో, ఎదురు ప్రవాహము నిచ్చు తీగ నమర్చియో దానిని తప్పింతురు. ఇంత చేసినను, చేత పట్టినంతనే శ్రుతి చెదరును.

ఇది పండితుల వినోదము కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన ముంచిన దివిసీమకు కృష్ణ కీవలి గట్టుననే రేపల్లె యున్నది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చెంతనే తీరము దాటెను. ఏరియలులో శక్తి సగము పోయిన, అడ్డులేని తావున పది మైళ్లు చేరవలసిన కేక ఏడు మైళ్లకే ఆగును. నిజాంపట్నము పడవకు ఆ మూడు మైళ్లే ప్రాణము.

వడ్లమూడి, వడ్డేశ్వరము, బాపట్లలలో సాంకేతిక విద్యాలయములు మనకు గలవు. మేము చూచిన కొన్ని నివేదికలలో కొలతలన్నియు స్టాండుపై నిలిపిన నమూనాలవే. చేయి లేదు, ఉప్పునీరు లేదు. తరంగములు తిరుగబడని కొలతగది యొకటి ఈ మూడు పట్టణములకు ఉమ్మడిగా నుండవలెను. కల్యాణమండపములకు ధారాళముగా నిచ్చు మన భూస్వాములు దీనికిని ఈయవచ్చును. ఆ గదిలో గెలిచిన ప్రతి నమూనాను అక్టోబరు తుపానులకు ముందే నిజాంపట్నము రేవునకు గొనిపోయి, పడవవారి తడిచేతులలో మరల కొలువవలెను.