ఫోన్‌లో ఏముందో ఎవరు చెప్పాలి?

కంప్యూటర్లలో, ఫోన్లలో దొంగచాటుగా చొరబడే ప్రోగ్రాములను విప్పి చూసే పని నాది. ఆ పనిలో పై స్థాయి పరీక్షల్లో ఒకటైన 'గ్రెమ్' పాసైన రోజున ఆఫీసులో స్వీట్లు పంచారు. అమెరికాలోని జియాక్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ అది. దాని శిక్షణకే ఎనిమిది వేల డాలర్ల పైన, అంటే దాదాపు ఏడు లక్షల రూపాయలు. సొంత డబ్బయితే ఈ జన్మలో చదివేదాన్ని కాదు. కంపెనీ కట్టింది, తన ఖాతాదారుల సొమ్ము భద్రంగా ఉండాలని. సొమ్ముకు దొరికే ఈ కాపలా ఆడదాని ప్రాణానికి ఎందుకు దొరకదన్నదే నా గొడవ.

ఆ తర్వాతి నెలలోనే మన సంఘానికి ఒకామె వచ్చింది. ఎక్కడికెళ్ళినా, ఎవరితో మాట్లాడినా భర్తకు తెలిసిపోతోందట. అంతకుముందు స్టేషన్‌కు వెళితే "అనుమానమైతే ఫోన్ రీసెట్ కొట్టించుకో అమ్మా" అని పంపేశారు. కొట్టించుకుంది. సాక్ష్యం తుడిచిపెట్టుకుపోయింది. యాప్ పోయిన సంగతి అతనికి తెలిసి ఆ రాత్రే చావబాదాడు.

ఇలాంటి యాప్ తెరమీద కనబడకుండా దాక్కుంటుంది. దాని కాపీని విడిగా ఉంచిన యంత్రంలో నడిపించి చూస్తే మెసేజీలు, లొకేషన్ ఏ సర్వర్‌కు పంపుతోందో బయటపడుతుంది. చాలా ఏళ్ళపాటు యాంటీవైరస్ కంపెనీలు వీటిని వైరస్‌ల కింద జమకట్టలేదు. మొగుడు పెట్టింది వైరస్ ఎలా అవుతుంది మరి! 2019లో ఈవా గాల్పెరిన్ నిలదీశాకే కాస్పర్‌స్కీ స్పష్టమైన హెచ్చరిక చూపడం మొదలుపెట్టింది.

చట్టం లేదా? ఉంది. స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకంపై నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. భర్తకు అందులో మినహాయింపేమీ రాయలేదు. కానీ 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న సాక్ష్య చట్టం 63వ సెక్షన్ చూడండి. ఫోన్‌లోని సాక్ష్యం కోర్టులో చెల్లాలంటే ధ్రువపత్రం కావాలి. అందులో 'ఎ' భాగం మీద సాక్ష్యం తెచ్చినవారు, 'బి' భాగం మీద నిపుణుడు సంతకం చెయ్యాలి. కూలికి పోయే మనిషికి ఆ నిపుణుడు ఎక్కడ దొరుకుతాడు? అతని ఫీజు ఎవరిస్తారు?

"సర్టిఫికెట్ల మోజు మనకెందుకు, ఇదంతా టెక్నికల్ వ్యవహారం" అంటున్నది మనవాళ్ళే. విద్య కాగితంలో లేదు, ఒప్పుకుంటాను. ప్రోగ్రాములను విప్పి చూసే 'గిద్రా'ను అమెరికా గూఢచార సంస్థ ఎన్.ఎస్.ఏ. 2019లో ఉచితంగానే విడుదల చేసింది (దాని చేతి సాధనం మన చేతికొస్తే నాకేం అభ్యంతరం లేదు). కానీ బోనులో నిలబడినప్పుడు అవతలి వకీలు మొదట అడిగేది మన అర్హత గురించే. వరకట్న చావుల కేసుల్లో పోస్టుమార్టం రిపోర్టు చదవడం నేర్చుకున్నాం కదా. అప్పుడది డాక్టర్ల వ్యవహారమని ఊరుకున్నామా?

ఫండింగ్ సంస్థలు వర్క్‌షాపులకూ బ్యానర్లకూ డబ్బిస్తాయి. ఒక అమ్మాయిని ఈ పరీక్షకు పంపమని ఒక్క ప్రతిపాదనలోనైనా రాశామా? ఈసారి రాయాలి. ఈలోగా అనుమానంతో ఎవరొచ్చినా రీసెట్ చెయ్యమని చెప్పకండి. ముందు ఆమె ఉండటానికి భద్రమైన చోటు చూడండి. తర్వాత ఫోన్ సంగతి.

నా సర్టిఫికెట్ గడువు నాలుగేళ్ళే. అది తీరేలోగా కనీసం ఇద్దరికి నేర్పాలనుకుంటున్నాను. శనివారం సాయంత్రాలు సంఘం ఆఫీసులో ఉంటాను. పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి తెచ్చుకోండి.