జనం తిరిగొచ్చారు... పోటీ ఎక్కడ?

సంక్రాంతికి వారం ముందు హైదరాబాద్‌ నుంచి వైజాగ్‌కి ఫ్లైట్‌ టికెట్‌ వెతికారా ఎప్పుడైనా? పొద్దున చూసిన రేటు సాయంత్రానికి ఉండదు. "కరోనా దెబ్బ నుంచి విమానాలు కోలుకున్నాయి అంటారు కదా, మరి ఈ రేట్లేంటన్నా?" అని మొన్న మా తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఈ వారం ఆ లెక్కేంటో చూద్దాం.

2019లో మన దేశంలో డొమెస్టిక్‌ ఫ్లైట్లు ఎక్కినవాళ్లు దాదాపు 14.4 కోట్లు. 2020 మార్చి 25న అన్నీ ఆగిపోయాయి. రెండు నెలల తర్వాత మూడో వంతు సర్వీసులతో మళ్లీ మొదలయ్యాయి. ఆ ఏడాది లెక్క 6.3 కోట్లకు పడిపోయింది. అక్కణ్నుంచి మెల్లగా లేచి, 2023లో 15 కోట్లు, 2024లో 16 కోట్లు దాటేసింది. అంటే జనం తిరిగొచ్చారు. అంతకుముందు కంటే ఎక్కువమందే వచ్చారు.

మరి వాళ్లను మోసేదెవరు? గో ఫస్ట్‌ 2023 మేలో ఆగిపోయింది. ఇంజిన్ల సమస్యతో తన విమానాల్లో దాదాపు సగం నేల మీదే ఉండిపోయాయని చెప్పింది. 2022లో టాటాల చేతికొచ్చిన ఎయిరిండియాలో విస్తారా 2024 నవంబర్‌లో కలిసిపోయింది. ఆకాశ లాంటి కొత్త సంస్థ వచ్చినా దాని వాటా చిన్నదే. ఇప్పుడు ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది ఎక్కేది ఇండిగో లేదా ఎయిరిండియా గ్రూపు విమానమే. 2019లో ఇండిగో ఒక్కదాని వాటా సగం లోపే. ఇప్పుడది 60 శాతం పైమాటే.

పెద్ద కంపెనీ అయితే తప్పేంటి అంటారా? తప్పేం లేదు, అది తడబడనంత వరకు. 2025 డిసెంబర్‌ గుర్తుందిగా! పైలట్లకు ఎక్కువ విశ్రాంతి ఇవ్వాలన్న రూల్స్‌ 2024 జనవరిలోనే వచ్చాయి. రెండో విడత 2025 నవంబర్‌ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానికి తగ్గట్టు ఇండిగో సిద్ధం కాలేదు. కొద్ది రోజుల్లోనే వేల ఫ్లైట్లు క్యాన్సిల్‌. మిగతా విమానాల్లో రేట్లు ఆకాశాన్నంటితే, కేంద్రం కరోనా రోజుల్లోలాగే మళ్లీ పరిమితి పెట్టింది.

నన్ను భయపెట్టింది వేరే సంగతి. విమానాలు కదలడానికి ఆ విశ్రాంతి రూల్స్‌నే కొంతకాలం సడలించాల్సి వచ్చింది. రాత్రంతా విమానం నడిపే మనిషి నిద్ర అంటే వెనకాల కూర్చున్న మన ప్రాణమే కదా! ఆపితే దేశం ఆగిపోయేంత పెద్దదైన కంపెనీ ముందు రూల్‌ కూడా తగ్గాల్సి వస్తోంది. దాన్ని కోలుకోవడం అని నేననలేను.

ఇండిగో 500, ఎయిరిండియా 470 విమానాలు 2023లోనే ఆర్డర్‌ చేశాయి. అవి వస్తే సీట్లు పెరుగుతాయి. కానీ ఆ సీట్లన్నీ ఆ రెండు జేబుల్లోకే వెళ్తే మనకు మిగిలే చాయిస్‌ ఎంత?

అప్పటిదాకా ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఫ్లైట్‌ క్యాన్సిలైనా, ఆరు గంటలకు మించి లేటయ్యేలా ఉన్నా, వేరే ఫ్లైటో పూర్తి రిఫండో అడిగే హక్కు మీకుంది. కౌంటర్‌ దగ్గర మొహమాటపడకండి, గట్టిగా అడగండి.