సుఖారులో రెండు రోజులు

బావి దగ్గర సమరయ స్త్రీతో ప్రభువు మాట్లాడిన సంగతి మనకు కంఠతా వచ్చు. ఆ తర్వాత ఆయన సుఖారు ఊళ్లోనే రెండు రోజులు ఉన్నాడన్న మాట మన ప్రసంగాల్లో అంతగా వినిపించదు. యూదులు సమరయులతో పొత్తు పెట్టుకోని కాలమది.

ఉత్తర ఐర్లాండ్‌లో కాథలిక్కులు, ప్రొటెస్టెంట్ల మధ్య 1998 ఒప్పందం దాకా మూడు దశాబ్దాలు సాగిన కలహంలో 3,500 మంది దాకా చనిపోయారు. అందరూ క్రీస్తు పేరు పెట్టుకున్నవాళ్లే! ఆ కలహం మధ్యలోనే, 1975లో, కెర్రీ వాటర్‌స్టోన్ అనే ఐర్లాండ్ పాదిరి అల్‌స్టర్ ప్రాజెక్టు మొదలుపెట్టాడు. రెండు వర్గాల నుంచి 14-16 ఏళ్ల పిల్లల్ని సమానంగా ఎంచి, వేసవిలో సుమారు నెల రోజులు అమెరికాలో తమ ఈడు పిల్లలున్న ఇళ్లలో ఉంచడం దాని పద్ధతి. ఆ వయసులో ద్వేషం చాలావరకు పెద్దల నోట విన్నదే. కలిసి తిని, కలిసి పనిచేస్తే సడలుతుంది. అసలు పరీక్ష తిరిగొచ్చాక, పాత వీధిలో, పాత స్నేహితుల ముందు.

మన బోధన్‌లో నిజాం షుగర్స్ నడిచినన్నాళ్లూ అన్ని మతాలవారికీ ఒకటే గేటు. 2015 డిసెంబరులో అది మూతపడింది. 2022 మార్చిలో శివాజీ విగ్రహం విషయమై గొడవ జరిగి 144 సెక్షన్ పెట్టారు.

పరాయి ఇంటికి పంపితే పిల్లల విశ్వాసం చెదురుతుందని తల్లిదండ్రుల భయం. రక్షణ యూదుల నుంచే అని ప్రభువు ఆ స్త్రీతో దాచకుండా చెప్పాడు. చెప్పి, ఆ ఊళ్లోనే ఉన్నాడు.

ఈ వేసవి వి.బి.ఎస్. ముగిశాక మన పిల్లల్ని ఇద్దరిద్దరిగా ఇరుగుపొరుగు హిందూ, ముస్లిం ఇళ్లకు భోజనానికి పంపుదాం, వాళ్ల పిల్లల్ని మన ఇళ్లకు పిలుద్దాం. ఎవరు మాంసం తినరో, ఎవరికి హలాల్ కావాలో స్త్రీల సమాజం ముందే కనుక్కుంటే మంచిది.