బూడిదకి సాక్షులెవరు?

మా పిన్ని తెనాలిలో ముప్పై ఏళ్లుగా ఒకే డాబా ఊడుస్తోంది. వీధి చివర ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ ఏ వేళకి రాజేశారో, గాలి ఎటు తిరిగిందో ఆవిడ చీపురుకి తెలుసు. ఆరేసిన చీరల మీద నల్ల నలుసులు పడిన రోజల్లా గోడ కేలండర్‌లో టైము రాసి పెడుతుంది. రెండేళ్ల కిందట ఆ కేలండర్ పట్టుకుని ఇద్దరం ఒక ఆఫీసుకి వెళ్లాం. "ఇవి ఇరుగుపొరుగు తగాదాలమ్మా. ఇంట్లో మగవాళ్లెవరైనా వచ్చి రాసిస్తే చూద్దాం" అన్నాడు అక్కడి ఉద్యోగి. నా పేరు ముందున్న డాక్టర్ కూడా అక్కరకు రాలేదు. ఆ డాక్టరేటు థీసిస్‌లో స్త్రీల కథల్లోని పొగని ఓ అధ్యాయమంతా ప్రతీకగా విశ్లేషించాను. అది రాస్తున్నన్నాళ్లూ కిటికీ మూసుకున్నది ఈ పొగ పడకే!

"ఊక పొగేగా, రసాయనమా ఏమన్నానా" అంటారు. తెనాలి, రేపల్లె, బాపట్ల వరి పండే నేల. వడ్ల బరువులో దాదాపు అయిదో వంతు ఊక. కాలిన ఊకలో దాదాపు అయిదో వంతు బూడిద. ఆ బూడిదలో చాలా భాగం సిలికా. అది చీరల మీదే ఆగిపోతుందా?

కొలవమంటే చట్టం చూపిస్తారు. 1981 నాటి వాయు కాలుష్య చట్టం 26వ సెక్షన్ చదివాను. పొగగొట్టం నమూనా తీయాలంటే యజమానికి నోటీసివ్వాలి, ఆయనో ఆయన మనిషో ఎదుట ఉండగా తీయాలి, సీలు వేసి వాళ్ల సంతకం అడగాలి. ఈ తంతు లేని ఫలితం కోర్టులో సాక్ష్యం కాదు. యజమానికి ఆ రక్షణ వద్దని నేననను. కానీ ఆ గాలి పీల్చేవాళ్ల సంతకానికి అక్కడ చోటేది? 1987 సవరణ మామూలు పౌరులకీ కోర్టుకెళ్లే దారి ఇచ్చింది, 60 రోజుల ముందు నోటీసిచ్చాక. 60 రోజుల్లో మిల్లు సీజనే అయిపోవచ్చు.

వాసన సాక్ష్యం కాదనేవాళ్లు కడలూరు వైపు చూడాలి. తమిళనాడులోని ఆ సిప్‌కాట్ పారిశ్రామికవాడ చుట్టూ ఉన్న ఊళ్లవాళ్లు 2004 నాటికే ఏ రోజు, ఏ వేళ, ఎటునుంచి, ఎలాంటి వాసన వచ్చిందో రాసుకున్నారు. ప్లాస్టిక్ బకెట్లో అమర్చిన సంచీలోకి గాలి పట్టి లేబొరేటరీకి పంపారు. ఇక యంత్రాలనే నమ్ముదామంటే, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీద పడి 12 మంది పోయారు. ఫ్యాక్టరీలో సైరన్ మోగించే వీలు 36 చోట్ల ఉన్నా ఒక్కచోటా మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే చెప్పింది.

ఇప్పుడు చవక సెన్సార్లొచ్చాయి. ఇంటింటికీ తగిలించి దాన్ని ప్రజా భాగస్వామ్యం అంటే సరిపోతుందనే ఉత్సాహవంతులతోనూ నాకు పేచీ ఉంది. దాని దుమ్ము తుడిచేదెవరు? రీడింగు రాసేదెవరు? ఊడ్పు, వంట, పిల్లలు అయ్యాక ఇంకో జీతం లేని చాకిరీ మన నెత్తిన పెట్టి, రిపోర్టు మీద సంతకం మాత్రం ఇంకొకరు చేస్తారా? పిన్ని రాసింది ఆఫీసు తీసుకోవాలి, రసీదివ్వాలి, ఆవిడ చెప్పిన వేళకి వచ్చి ఆవిడ ఎదుట నమూనా తీయాలి. రాసినందుకు డబ్బూ ఇవ్వాలి.

ఇంత గట్టిగా మాట్లాడే నన్ను మిల్లు కళ్లంలో వడ్లు తిరగేసే ఒకావిడ నిలదీసింది. "మీ చీరలు నల్లబడ్డాయని మా కూలి పోగొడతారా అమ్మగారూ?" మాకంటే దగ్గరగా, రోజంతా, ముక్కుకి పైటచెంగు చుట్టుకుని ఆ బూడిద పీల్చేది ఆవిడే. మిల్లు మూయమనడం లేదు, పొగగొట్టానికి దుమ్ము పట్టే యంత్రం పెట్టి నడిపించమంటున్నామని చెప్పాను. నమ్మినట్టు కనపడలేదు. ఎందుకు నమ్మాలి? అన్నేళ్లలో మేమెప్పుడూ ఆవిడ దగ్గు గురించి అడగలేదు.

ఈ సంగతి పిన్నికి చెప్పాను. మర్నాడు కేలండర్‌లో తేదీల పక్కన ఇంకో అంకె వేయడం మొదలుపెట్టింది. పొగ వచ్చిన వేళ కళ్లంలో ఎంతమంది ఆడవాళ్లున్నారో డాబా మీంచి లెక్కపెడుతోంది.