బైకాల్ నీటిలో ఒక సముదాయం
సైబీరియాలోని బైకాల్ 1,642 మీటర్ల లోతైన మంచినీటి సరస్సు. సముద్రానికి ఎంతో దూరాన, ఆ నీటిలో నెర్పా అనే సీలు జీవిస్తున్నది. శీతకాలమంతా గోళ్లతో మంచుగడ్డను గీరుతూ తన శ్వాసరంధ్రం మూసుకుపోకుండా కాపాడుకుంటుంది. తల్లి ఆ గడ్డపైనే, హిమం కింద గూడు తొలుచుకుని ప్రసవిస్తుంది. సుబ్‌హానల్లాహ్! జంతువులూ మనవంటి సముదాయాలేనని అల్ అన్‌ఆమ్ సూరా 38వ ఆయతు తెలుపుతున్నది.

ఈ సముదాయపు ఇంటిలోకే, 1966లో ఒడ్డున మొదలైన కాగితపు గుజ్జు కర్మాగారం దశాబ్దాలపాటు వ్యర్థజలాన్ని వదిలింది. అంత పెద్ద నీటికి ఏమవుతుందని కొందరు అడుగుతారు. విస్తారమైన నీరు త్వరగా అపవిత్రం కాదని ఫిఖహ్ చెప్పే మాట నిజమే; అది వుజూ చేసుకునేవారికి ఇచ్చిన సౌలభ్యం, మలినం పోసేవారికి ఇచ్చిన అనుమతి కాదు. నిలిచిన నీటిలో మూత్రవిసర్జనను దైవప్రవక్త (స) నిషేధించారని తహారత్ పాఠంలో పసిపిల్లలకే నేర్పుతాం.

కర్మాగారం 2013లో మూతపడింది. దాని బురదగుంటలు ఆ ఒడ్డుననే మిగిలాయి.